పేర్లు తీసేసే పని

చిత్తూరు కలెక్టరేట్‌లో, పాత రికార్డు రూము పక్కన,
నెలకు పదహైదు వేల కాంట్రాక్టు మీద
నాకిచ్చిన పని పేర్లు తీసేయడం.

నాలుగు వేల చిల్లర వరుసలు.
మనోవర్తి కేసులు. తండ్రి ఇవ్వాల్సింది, ఇచ్చింది, ఇవ్వనిది.
ఎవరో పరిశోధన చేస్తారంట,
డబ్బు రాని ఇంట్లో పిల్లోళ్లు
ఎన్నో తరగతిలో బడి మానేస్తారో లెక్క తేలుస్తారంట.
మంచిదే గదా, అనుకున్నాను.

"పేరు తీసెయ్. డోర్ నంబరు తీసెయ్. ఆధార్ తీసెయ్.
ఊరు తీసి మండలం పెట్టు," అన్నాడు
సూపరింటెండెంటు చెంగల్రాయులు, టీ గ్లాసు ఫైలు మీద పెట్టి.
"పెన్‌డ్రైవు తెచ్చినావంటే ఉద్యోగం పోతుంది."
ఆ సాయంత్రమే సర్వరు పడిపోయింది.
ఫైలు మొత్తం ఆయనే నాకు వాట్సాప్‌లో పంపినాడు.
మనవడి పుట్టెంటుకల ఫోటోల కింద
నాలుగు వేల సంసారాలు.

పేర్ల కాలమ్ తీసేయడం సులభం.
పట్టుకుని నొక్కితే చాలు,
మునిలక్ష్మిలు, షహనాజ్‌లు, సెల్వరాణులు
పైనుంచి కిందికి తెల్లబడిపోతారు,
గుజ్జు ఫ్యాక్టరీలో టెంకలు ఒకపక్కకు పడిపోయినట్టు.
రిమార్కుల్లో మాత్రం పేర్లు వాక్యాల మధ్య ఇరుక్కునుంటాయి.
బియ్యంలో రాళ్ల మాదిరి ఒక్కొక్కటే ఏరాల.

ఏరినా మనిషి పోదు.
గుడిపాల మండలం. ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు.
నడిపిదానికి చెవి మిషను.
"సార్, ఆ మండలంలో ఇట్లాంటామె ఒక్కతే ఉంటుంది," అన్నాను.
"అది మన కాలమ్ కాదబ్బా," అన్నాడు.

ఇక్కణ్ణించి పన్నెండు కిలోమీటర్లు పోతే కాణిపాకం.
బాకీ లేదని బుకాయించేవాణ్ణి అక్కడికి తీసకపోయి,
తల తడిపించి, పేరు చెప్పించి, ప్రమాణం చేయిస్తారు.
అక్కడ అబద్ధానికి కూడా పేరు కావాల.
ఇక్కడ నిజానికి పేరు ఉండకూడదు.
రెండూ న్యాయమేనేమో, నాకు తెలీదు.

రెండు వేల నూట పదిహేడో వరుస.
మండలం: చిత్తూరు అర్బన్.
ప్రతివాది వృత్తి: కాంట్రాక్టు డేటా ఆపరేటరు.
నెలకు రెండు వేల ఐదు వందలు.
బకాయి: పద్నాలుగు నెలలు.

నేను పదకొండు అనుకుంటా ఉన్నాను.
గోడ మీది క్యాలెండరు వెనక్కి తిప్పి,
వేళ్లు మడిచి లెక్కపెట్టినాను.
పద్నాలుగే.

బిడ్డ: ఆడ. వయసు: ఏడు.
అది పాత లెక్క. వైశాఖంలో ఎనిమిది నిండినాయి.
సరిచేద్దామని వేలు పోయింది.
సరిచేసే హక్కు నాకు లేదు, తీసేసే హక్కే ఉంది.

రిమార్కులో ముందు నా పేరు తీసేసినాను,
సర్కారు కుర్చీలో కూర్చోని, సర్కారు జీతానికి, నిబంధన ప్రకారం.
గ్రీమ్స్‌పేట టీ బంకు కాడ ఇంక నన్నెవరూ వేలెత్తి చూపరు.
తర్వాత ఆమెది.
బిడ్డ పేరు పక్కన కర్సరు చాలాసేపు కొట్టుకుంది.
ఆ పేరు పెట్టింది నేనే.
పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రాసినాను.
పొల్లు తప్పు పోతే అందరూ నవ్వినారు.

ఆరు గంటలకు దిగొచ్చినాను.
రోడ్డు పొడుగునా తోతాపురి లారీలు
ఫ్యాక్టరీ గేటు తీస్తారని కాచుకోనుండాయి.
ఫోను తీసినాను. అందులో ఆమె నంబరుకు పేరు లేదు.
ఏడాది కిందట నేనే తీసేసినాను,
ఏ నిబంధనా అడక్కుండానే.

పది అంకెలూ వేళ్లకే గుర్తున్నాయి.
డబ్బులు పంపే యాప్ ఒక్క క్షణం గిర్రున తిరిగి
బ్యాంకులో ఉన్న పేరు చూపించింది, పూర్తిగా,
వాళ్ల నాయన ఇంటిపేరుతో.
కింద ఖాళీ గడి. ఎంత?

వెనక లారీవాడు హారను కొడతా ఉండాడు.
రెండు కొట్టినాను. ఐదు కొట్టినాను.
సున్నాల కాడ ఆగినాను.